నీళ్ళలో కనిపించింది ఏ పాము?

“నీళ్ళపాముకు విషం ఉండదు.” నెల్లూరు సీమలో చెరువు కింద సేద్యం చేసే ఊళ్ళలో పిల్లలకు ఈతతో పాటే వంటబట్టే మాట ఇది. చెరువు దగ్గర ఈ మాట చాలావరకు నిజం. అక్కడ, పంటకాలువలో, నాట్లేసిన కయ్యల్లో మనకు రోజూ ఎదురయ్యేది నీరుకట్టె పాము. మనిషికి హాని చేసే విషం దానికి లేదు. కానీ అదే మాటను నమ్ముకుని తూర్పుగా పాతిక కిలోమీటర్లు పోయి, మైపాడు ఒడ్డున వలలో చిక్కిన పామును చేత్తో పట్టుకున్నవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. మాట అదే, నీళ్ళు మాత్రం మారాయి. హాని లేని నీటిపామును గుర్తుపట్టడం ఎలా అన్న ప్రశ్న మన తీరంలో ఇంత చిక్కుగా ఉండటానికి కారణం ఇదే. పామును చూసి చెప్పవలసిన సంగతిని మనం నీళ్ళను చూసి చెబుతున్నాం.

ఒక్కసారి ఈ నేల తీరు చూడండి. నెల్లూరు పట్నాన్ని ఆనుకుని స్వర్ణాల చెరువు ఉంది. రొట్టెల పండుగనాడు జనం నీళ్ళలోకి దిగి రొట్టెలు మార్చుకునేది అక్కడే. దాని చుట్టూ పెన్నా ఆయకట్టు, వరి కయ్యలు, కాలువలు. ఇంకొంచెం తూర్పుకు పోతే రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఆ తరువాత బకింగ్‌హాం కాలువ, ఉప్పుటేర్లు, మడ చెట్లున్న బురద నేలలు. కండలేరు కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణాన పాత నెల్లూరు జిల్లా అంచులో పులికాట్ సరస్సు ఉంది. చిల్కా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. ఆ తరువాత బంగాళాఖాతం. మంచినీళ్ళు, సవుడునీళ్ళు, సముద్రపు నీళ్ళు ఇంత దగ్గర దగ్గరగా ఉన్నచోట మూడు రకాల నీటిపాములూ ఒకదాని హద్దులోకి ఒకటి వస్తూపోతూ ఉంటాయి. వానాకాలంలో ఆ హద్దు కూడా నిలవదు.

ముందు నీరుకట్టె సంగతి చూద్దాం. ఒంటి రంగు పసుపుపచ్చ కలిసిన గోధుమ నుంచి ముదురు ఆలివ్ దాకా ఉంటుంది. దాని మీద నల్లటి మచ్చలు వరసలుగా, ఒక వరసలోని మచ్చ పక్క వరసలోని ఖాళీకి ఎదురుగా వచ్చేట్టు పేర్చి ఉంటాయి. అందువల్ల ఒళ్ళంతా గళ్ళగళ్ళుగా కనిపిస్తుంది. కానీ గళ్ళను నమ్ముకుంటే చాలదు. కొన్ని నీరుకట్టెల్లో అవి స్పష్టంగా ఉంటాయి, కొన్నింట్లో మాసిపోయి వీపంతా ఒకే రంగులో కనిపిస్తుంది. కొన్నింటి పక్కల్లో ఎర్రటి ఛాయ కూడా ఉంటుంది. నమ్మదగిన గుర్తు మొహంలో ఉంది. కంటి కింద నుంచి పైపెదవి దాకా ఏటవాలుగా ఒక నల్లగీత దిగుతుంది. కంటి వెనక నుంచి నోటి మూల వైపు రెండో గీత దిగుతుంది. గీతలు సన్ననివే అయినా పెదవి లేతరంగుది కనుక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కంటిపాప గుండ్రం. ముక్కురంధ్రాలు కొద్దిగా పైకి తిరిగి ఉంటాయి, నీళ్ళలోంచి మొహం కొంచెం పైకెత్తితే చాలు ఊపిరి తీసుకోగలదు. పొట్ట తెల్లగా మెరుస్తుంది.

కట్ట రాళ్ళ మధ్య విడిచిన కుబుసం దొరికితే తీసి ఎండకు పట్టి చూడండి. వీపు మీది పొలుసుల్లో మధ్యగా ఒక సన్నని గీర లేచి ఉంటుంది. వేలితో తోక వైపు నుంచి తల వైపుకు నిమిరితే గరుకు తెలుస్తుంది. నాగుపాము కుబుసంలో ఈ గీరలు ఉండవు, పొలుసులు నున్నగా ఉంటాయి. పెరట్లో కుబుసం చూసి హడలిపోయి ఇల్లు ఖాళీ చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు ఈ చిన్న పరీక్ష పనికొస్తుంది. అయితే గీర ఉందంటే విషం లేదని మాత్రం అనుకోకూడదు. రక్తపింజరి పొలుసులకూ గీరలుంటాయి, అవి ఇంకా గట్టివి.

మనకు కనిపించే నీరుకట్టెలు ఎక్కువగా రెండు మూడడుగుల మధ్య ఉంటాయి. ఐదడుగులు దాటినవీ లేకపోలేదు. ఆడది మగదానికన్నా పెద్దది, లావు కూడా. గుడ్లు పెడుతుంది, ఒక్కో కాన్పుకు పదుల సంఖ్యలో. ఎలుక బొరియల్లో, గట్టు కన్నాల్లో పెట్టి తల్లి వాటి దగ్గరే ఉండిపోవడం గమనించినవాళ్ళున్నారు. చేపలు, కప్పలు దీని ఆహారం. పిల్లలు తోకకప్పలతో మొదలుపెడతాయి. పగలూ తిరుగుతుంది, రాత్రీ తిరుగుతుంది. రాత్రిపూట కాలువ గట్టున టార్చి వేస్తే కప్ప కోసం కాచుకుని కదలకుండా ఉన్నది కనబడుతుంది.

సాధువు కదా అని దగ్గరికి పోతే మాత్రం పొరబాటే. ఇది కోపిష్టి పాము. దారి దొరికితే నీళ్ళలోకి జారిపోతుంది. దారి మూసేస్తే ముందు ఒళ్ళు కొంచెం పైకెత్తుతుంది, మెడను పలకగా చేస్తుంది, ఆగకుండా మీదికి దూకుతుంది. కరిస్తే వదలకుండా పట్టుకుంటుంది కూడా. పళ్ళు చిన్నవే అయినా సూదుల్లాంటివి కనుక రక్తం బాగానే కారుతుంది. గాయాన్ని కడిగి చూస్తే చిన్న చిన్న గాట్లు వంపు తిరిగిన వరసలుగా కనబడతాయి. ఆ రక్తాన్ని చూసే సగం మంది బెదిరిపోతారు. సబ్బు, నీళ్ళు పెట్టి కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుంటే సరిపోయే గాయం అది. కాటేసింది నీరుకట్టేనని తేలిన తరువాత మాత్రమే ఈ మాట వర్తిస్తుంది.

ఆ మెడ పలక చేయడమే దాని చావుకొస్తోంది. పడగ విప్పిందని, తాచుపాము పిల్ల అని కొట్టేస్తారు. నాగుపాము లేచినప్పుడు ఒంట్లో ముందు భాగం నిటారుగా నిలబడుతుంది, పక్కటెముకలు విచ్చుకుని పడగ వెడల్పుగా, గుండ్రంగా తెరుచుకుంటుంది, వెనక వైపు చాలావాటికి కళ్ళజోడు గుర్తు ఉంటుంది. నీరుకట్టె లేచేది తక్కువ, మెడ చదునవుతుందే తప్ప పడగ రాదు, గుర్తు అసలే ఉండదు. పైగా చెంప మీద ఆ రెండు ఏటవాలు గీతలు. పట్నంలో ఇంకో రకం పొరబాటు ఉంది. ఒంటి మీది మచ్చలు చూసి రక్తపింజరి అనుకుంటారు. పింజరికి వీపు మీద మూడు వరసల్లో పెద్ద పెద్ద కోలమచ్చలు గొలుసు పేర్చినట్టు ఉంటాయి, తల మూడు మూలలుగా మెడకన్నా బాగా వెడల్పు, తల మీది పొలుసులు కూడా ఒంటి మీది వాటిలాగే చిన్నవి. ఒళ్ళు లావు, తోక పొట్టి. నీరుకట్టె తల మీద పెద్ద పెద్ద పలకలుంటాయి, తోక సన్నగా పొడుగ్గా సాగుతుంది.

చెరువులో నీరుకట్టె ఒక్కటే ఉండదు. మచ్చలేమీ లేకుండా వీపు ఆలివ్ పచ్చగా, పొట్ట పసుపుగా ఉండేది ఇంకొకటుంది. కయ్య గెనిమల మీద వీపు పొడుగునా రెండు పసుపు చారలతో కనిపించే చిన్న పాము మరొకటి. ఇది కరవడం చాలా అరుదు. ఇవన్నీ నీరుకట్టెకు దగ్గరి చుట్టాలే, మనిషికి ఏ హానీ లేనివే.

ఈ గుర్తింపు సమస్యను తెలుగు నేల మీద కూర్చుని మొదట శాస్త్రపద్ధతిలో పట్టించుకున్నవాడు పాట్రిక్ రస్సెల్. అలెప్పోలో వైద్యుడిగా పనిచేసి, 1782లో తమ్ముడి వెంట విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతన్ని మద్రాసు ప్రభుత్వానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. పాముకాటు చావులు చూసి, విషమున్న పామునూ లేని పామునూ మామూలు మనిషి వేరు చేసుకునే దారి వెతకాలనుకున్నాడు. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల మీద అతని పెద్ద పుస్తకం 1796లో లండన్‌లో వెలువడింది. రంగుల బొమ్మలు, వాటి పక్కన ఇక్కడి జనం చెప్పిన పేర్లు. పేర్లను చెవికి విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన నీరుకట్టె అందులో నీలి కోయ అన్న పేరుతో ఉంది. ఉప్పుటేటి పాము కారు బొకడం అయింది. పేరు చెప్పినవాళ్ళు చేపలు పట్టేవాళ్ళో, పాములు పట్టేవాళ్ళో అయి ఉండాలి. వాళ్ళ పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. అది నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

ఆ తరువాత జరిగిన కథ ఇంకా ఆసక్తికరం. 1799లో జర్మన్ పండితుడు ష్నైడర్ రస్సెల్ బొమ్మలను ఆధారం చేసుకుని ఈ పాములకు లాటిన్ పేర్లు పెట్టాడు. నీరుకట్టెను హైడ్రస్ అనే ప్రజాతిలో చేర్చాడు. బొకడాన్నీ అందులోనే వేశాడు. వదులు చర్మం ఉండే సవుడునీటి పామునూ అందులోనే. ప్రాణం తీసే సముద్రసర్పాన్ని కూడా అందులోనే. నీళ్ళలో ఉండటం ఒక్కటే వాటిని కలిపిన లక్షణం. అంటే చెరువుకట్ట మీద మనం ఈనాటికీ చేసే పొరబాటునే శాస్త్రం కూడా మొదట చేసింది. ఆ మూట విప్పి వేరు చేయడానికి చాలా ఏళ్ళు పట్టింది. నీరుకట్టె ఒక్కదాని పేరే ట్రోపిడోనోటస్, నేట్రిక్స్, జీనోక్రోఫిస్ అని మారుతూ వచ్చి, జన్యు పరిశీలనల తరువాత ఇప్పుడు ఫౌలియా పిస్కేటర్ దగ్గర నిలిచింది. పిస్కేటర్ అన్న రెండో మాట మాత్రం ఆనాటి నుంచీ మారలేదు.

20వ శతాబ్దం మొదట్లో సైనిక వైద్యుడు ఫ్రాంక్ వాల్ ఈ పనిని చాలా ముందుకు తీసుకుపోయాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో మన దేశపు మామూలు పాముల గురించి ఏళ్ళ తరబడి రాశాడు. పొలుసుల అమరికను బట్టి విషసర్పాన్ని తేల్చే పద్ధతిని అందరికీ అందేట్టు చేశాడు. జంతుశాస్త్రం చదివిన ప్రతివాళ్ళూ పరీక్ష కోసం బట్టీపట్టిన పట్టిక ఆ దారిలో వచ్చిందే. తోక పలకగా ఉందా, పొట్ట పలకలు ఈ పక్క నుంచి ఆ పక్కకు పూర్తిగా ఉన్నాయా, తల మీద చిన్న పొలుసులా పెద్ద పలకలా, పైపెదవి మూడో పలక కంటినీ ముక్కునూ తాకుతోందా, వీపు మధ్య వరస పొలుసులు పెద్దవా. పద్ధతి సరైనదే. కానీ దాన్ని వాడాలంటే పాము చేతిలో ఉండాలి, అదీ చచ్చి ఉండాలి. బతికున్న పాము పైపెదవి మూడో పలకను వంగి చూడమని ఎవరికి చెబుతాం? తరతరాల విద్యార్థులకు ఇది నేర్పి, చెంప మీది రెండు గీతల మాట ఒక్కటీ చెప్పకపోవడం మన చదువులో పెద్ద లోపమని నా గట్టి అభిప్రాయం. ఆ పట్టికలో మన తీరానికి నిజంగా అక్కరకొచ్చే ప్రశ్న మొదటిదే. తోక ఎలా ఉంది?

ఆ ప్రశ్న ఎంత విలువైనదో ఉప్పుటేటి దగ్గర తెలుస్తుంది. నీళ్ళల్లో ఉప్పు పెరిగేకొద్దీ నీరుకట్టెలు పలచబడతాయి. వాటి చోట బొకడం కనబడుతుంది. ఒళ్ళు బూడిదరంగు, చిన్న కళ్ళు తల మీదికి జరిగినట్టు ఉంటాయి, కంటిపాప నిలువుగీత, కంటి మీదుగా ఒక నల్లచార వెనక్కి పోతుంది. పోటుకు నీళ్ళతో పాటు వచ్చి, పాటుకు బురదలో ఆగి, అక్కడి చిన్న చేపలను పట్టుకుంటుంది. మెత్తటి బురదలో ఒళ్ళును పక్కకు విసురుతూ ఏటవాలుగా పోతుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. నోటి వెనక భాగంలో కోరలు, కొద్దిపాటి విషం ఉన్నాయి, అది చేపలకు సరిపోయే విషం. మనిషికి ప్రమాదం లేదు. దీనితో పాటే అదే నీళ్ళలో వదులుగా వేలాడే గరుకు చర్మంతో, ఒంటి మీద పట్టీలతో ఇంకొక పాము ఉంటుంది. దానికి విషం బొత్తిగా లేదు. నేల మీద పెడితే కదల్లేక కూలబడిపోతుంది.

ఇంతవరకూ చిక్కు లేదు. చిక్కు వచ్చేది ముక్కు కొనదేరిన సముద్రసర్పంతో. శాస్త్రంలో దాని పేరు హైడ్రోఫిస్ షిస్టోసస్. అది నడిసముద్రానికే పరిమితమై ఉండదు. తీరం వెంట, నదుల మొగల్లో, ఉప్పుటేర్ల లోపలికి కూడా వస్తుంది, ఎందుకంటే దాని ఆహారమైన జెల్లలు అక్కడే దొరుకుతాయి. దాని వీపు కూడా బూడిదరంగే, పొట్ట తెలుపు, పట్టీలు ఉంటే ఉంటాయి, పెద్దవాటిలో మాసిపోతాయి. మురికిగా పారే ఉప్పుటేటిలో బొకడమూ ఇదీ రెండూ బూడిదరంగు పాములే. ఒకటి కరిస్తే గీరుకున్నంత గాయం, రెండోది కరిస్తే మూత్రపిండాలు చెడిపోవచ్చు. రంగు చూసి తేల్చలేం. చోటు చూసి తేల్చలేం. తోక చూడాలి. సముద్రసర్పం తోక పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, నిలువుగా వెడల్పుగా, చివర మొద్దుగా పడవ తెడ్డులా ఉంటుంది. బొకడం తోక సన్నబడుతూ పోయి మొనతేలుతుంది. వదులు చర్మపు పాము తోక కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది కనుక దాన్ని సముద్రసర్పం అనుకునే అవకాశం ఉంది. అనుకున్నా నష్టం లేదు. ఈ పరీక్ష తప్పితే జాగ్రత్త వైపే తప్పుతుంది. నీటిపాముల విషయంలో నేను దీన్ని అన్నిటికన్నా పైన పెట్టేది అందుకే.

ఒడ్డుకు లాగిన వలలో కాటు ఎలా పడుతుందో చూసినవాళ్ళకు తెలుసు. వల సంచి ఇసుక మీద విప్పగానే చేపలు, పీతలు, నాచు, జెల్లలు అన్నీ కలిసి కుప్ప పడతాయి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూర్చుని ఉత్త చేతులతో ఏరుతుంటారు. మధ్యలో పాము కనబడితే పని తెలిసినవాళ్ళు కర్రతో ఎత్తి దూరంగా నీళ్ళలోకి విసిరేస్తారు. సముద్రం మీద చేపలు పట్టే పట్టపువాళ్ళకు ఈ పాముల సంగతి బాగా తెలుసు. కుప్పలో కనబడనిదే ప్రమాదం. సముద్రసర్పం కోరలు చిన్నవి, కాటు నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. ముల్లు గుచ్చుకుందనుకుని పని సాగించేస్తారు.

ఈ కాట్ల గురించి మనకున్న పరిజ్ఞానంలో పెద్దభాగం మలయా దేశపు పెనాంగ్‌లో 1950ల నుంచి పనిచేసిన వైద్యుడు అలిస్టర్ రీడ్ పుణ్యం. అక్కడా కాటు పడినవాళ్ళు ఎక్కువగా చేపలు పట్టేవాళ్ళే. చాలా కాట్లలో విషం ఎక్కదని ఆయన చూపించాడు. ఎక్కినప్పుడు మాత్రం అరగంట నుంచి కొన్ని గంటల్లో ఒంట్లో కండరాలన్నీ నొప్పులు, బిగుసుకుపోవడం, ఆ తరువాత మూత్రం ముదురు గోధుమరంగుకు తిరగడం. కండరాలు కరిగి ఆ పదార్థం మూత్రపిండాల్లోకి చేరిందనడానికి అది గుర్తు. మన ఆసుపత్రుల్లో దొరికే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాల మీద తయారైనది. సముద్రసర్పానికి అది పనిచేయదు. సముద్రసర్పం మందు ఆస్ట్రేలియాలో తయారవుతుంది, మన దేశంలో తయారు కాదు. మన దగ్గర దిక్కు ఊపిరికి సాయం, రక్తశుద్ధి, కనిపెట్టుకుని ఉండే వైద్యం. ఇంత పొడుగు తీరం, ఇన్ని పడవలు ఉన్న దేశంలో ఈ లోటు ఇన్నాళ్ళు ఉండటం అన్యాయం.

చెరువు దగ్గరి మాట కూడా పూర్తిగా నిజం కాదని ఇందాక అన్నాను. ఏ పామైనా ఈదుతుంది. కప్పల కోసం నాగుపాము చెరువు అంచుకు వస్తుంది, అవసరమైతే నీళ్ళలోకి దిగుతుంది. నెల్లూరుకు ప్రధానమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలది. 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీళ్ళకు పెన్న పొంగి ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. అటువంటి వరదలో బొరియల్లో ఉన్నవన్నీ బయటికొస్తాయి. గడ్డివామి మీద, గోడ మీద, కొట్టుకుపోయే దుంగ మీద ఉన్నది కట్లపాము కావచ్చు, పింజరి కావచ్చు. వరదనీళ్ళలో కనబడ్డ పాము నీటిపాము అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఈ తేడాలన్నీ పుస్తకం లేకుండా తెలిసినవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నారు. వాళ్ళు యానాదులు. చెరువుల్లో, కాలువల్లో చేతులతో తడిమి చేపలు పట్టడం, వరి గట్లు తవ్వి ఎలుకలు పట్టడం వాళ్ళకు తరతరాల పని. గట్టు కన్నంలో చెయ్యి పెట్టేవాడికి లోపల ఉన్నది ఎలుకా, నీరుకట్టా, నాగుపామా అన్నది బతుకు ప్రశ్న. శ్రీహరికోట దీవి యానాదుల గురించి, దక్షిణాది కులాలు, తెగల మీద పుస్తకం రాసిన థర్‌స్టన్ 1909లోనే రాశాడు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి తీసుకున్నాక వాళ్ళ అడవి బతుకు చెదిరింది. మద్రాసు పక్కన ఇరుళవాళ్ళతో 1978లో పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం ఏర్పడి, విషవిరుగుడు మందుకు కావలసిన విషాన్ని ఈనాటికీ అందిస్తోంది. ఒక తెగ నైపుణ్యాన్ని గౌరవంగా ఎలా నిలబెట్టవచ్చో అది చూపించింది. నెల్లూరు యానాదుల జ్ఞానానికి అలాంటి ఆసరా ఏదీ దొరకలేదు. ఈ విషయాన్ని సమీక్షించేవాళ్ళు రస్సెల్‌నూ వాల్‌నూ తలుచుకుని వీళ్ళను వదిలేస్తే ఆ సమీక్ష సగమే.

నీరుకట్టె ఇప్పుడు బతికే పరిస్థితులు కూడా మారాయి. 1990ల నుంచి తీరం వెంట వరి కయ్యలు రొయ్యల గుంటలయ్యాయి. పీతలూ, పక్షులూ రాకుండా గుంటల చుట్టూ నైలాన్ వల కడతారు. పాము ఆ కంతలో తల దూరుస్తుంది, వెనక్కి రావడానికి పొలుసులు అడ్డం పడతాయి, ఎంత గింజుకుంటే దారం అంత లోపలికి కోస్తుంది. అలా చిక్కిన పామును విడిపించాలంటే తోక వైపు గట్టిగా పట్టి లాగకూడదు, చిన్న కత్తెరతో దారాన్ని ఒక్కొక్క కన్ను కత్తిరించాలి. చెయ్యి తిరిగినవాళ్ళతో చేయించవలసిన పని అది. చేపల గుంటల యజమానులు పిల్లచేపలు తింటుందని దీన్ని కొడతారు. తింటుంది, నిజమే. దాన్నీ దాని పిల్లల్నీ గద్దలు, కొంగలు తింటాయి, ఆ గొలుసు కూడా ఆ గుంట చుట్టూ ఉన్నదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నీరుకట్టెను చంపడం, పట్టుకోవడం నేరం. తోళ్ళ వ్యాపారం దీన్నీ వదల్లేదు కనుక 1984లో మన దేశం దీని పేరును వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం జాబితాలోనూ చేర్పించింది.

గుర్తింపు అసలు ఉపయోగపడేది ఆసుపత్రిలో. చెరువులో కాటు పడి వచ్చినవాడికి భయం కొద్దీ విషవిరుగుడు మందు ఎక్కించమని వెంట వచ్చినవాళ్ళు డాక్టరు మీద ఒత్తిడి తెస్తారు. ఆ మందు గుర్రపు రక్తం నుంచి తీసినది, కొందరికి పడదు, ఒక్కోసారి ఆ పడకపోవడమే ప్రాణాంతకం. విషం ఎక్కిన లక్షణాలు ఉంటేనే ఇవ్వాలని జాతీయ చికిత్స నియమాలు చెబుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయగల పరీక్ష ఒకటుంది. శుభ్రమైన పొడి గాజుగొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తరువాత వంచి చూస్తే గడ్డకట్టి ఉండాలి. గడ్డకట్టకపోతే పింజరి విషం అనుమానించాలి. నీరుకట్టె కాటులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కానీ నాగుపాము, కట్లపాము కాట్లలోనూ, సముద్రసర్పం కాటులోనూ గడ్డకడుతుంది. అందుకే పరీక్ష ఒక్కటే చూసి ఇంటికి పంపించేయడం కుదరదు, ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి.

కాబట్టి కాటు పడినవాడి వెంట వెళ్ళేవాళ్ళు పామును చంపి సంచిలో వేసుకుపోవడం మానేయాలి. చంపబోయి ఇంకొకరు కాటు తినడం, తెగిన తల కూడా కరవడం జరిగే పనులే. దూరం నుంచి ఫోనులో రెండు ఫొటోలు తీయగలిగితే ఒకటి మొహం పక్క నుంచి, రెండోది తోక చివర. తీయలేకపోతే వదిలేయండి. డాక్టరుకు కాటు పడిన వేళ చెప్పండి. మంచినీళ్ళ చెరువులోనా, ఉప్పుటేటిలోనా, సముద్రపు వలలోనా చెప్పండి. ఉప్పుటేరు, సముద్రం అయితే నొప్పి లేకపోయినా, గాటు కనబడకపోయినా, మూత్రం రంగు కనిపెట్టి చూడమని అడగండి.